జయదేవ్ తుపాకీ ఏ దేశపుది?

కెనడాలో టొరంటో పక్కనున్న ఏజాక్స్‌లో ఉండే జయదేవ్ లైసెన్సు తీసుకుని, జింకల వేటకని ఒక పాత మిలిటరీ రైఫిల్ కొన్నాడు. ఎంతమందిని పొట్టన పెట్టుకుందో తెలియని తుపాకీ ఇంట్లో ఉండటానికి వీల్లేదంది భార్య సరోజ. దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పించి ఆమెని ఒప్పిద్దామని, తుపాకుల సంగతి తనకు కొట్టినపిండి అని చెప్పుకునే రంగనాథ్‌ని ఆదివారం టీకి పిలిచాడు.

గ్యారేజీలో కుర్చీ వేసుకుని, రంగనాథ్ కళ్ళు మూసి తుపాకీ తడిమాడు.

“ఎన్‌సీసీ క్యాంపులో ఇలాగే తడిమి ఏ దేశపుదో చెప్పేసేవాణ్ణి. పెద్ద గొప్పేం కాదులే. ఇది రష్యాది.”

జయదేవ్ ప్రాణం కుదుటపడింది. “రష్యాదన్నమాట.”

“పుట్టడం రష్యాలో. ఫిన్లాండ్ వాళ్ళు లాక్కున్నారు, వాసన చూడు, కర్రకింకా మంచు వాసనే. వాళ్ళ దగ్గర జర్మన్లు కొట్టేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బర్మాలో మా తాతగారి చేతికి చిక్కింది.”

“జర్మన్లు బర్మా ఎందుకొచ్చారండీ?”

“దారి తప్పి. అందుకేగా చిక్కారు. తాతగారు ఒక్క గుండు పేల్చారయ్యా, అది కొండకి తగిలి వెనక్కి తిరిగి, మూడు విమానాల్ని కూల్చి, ఏట్లో పడితే నీళ్ళు సలసలా మరిగిపోయాయి. మనవాళ్ళు అందులోనే అన్నం వండుకున్నారు.”

“ఎంతమంది పోయారు?” అంది సరోజ.

“రెండు పటాలాలమ్మా. తగ్గించే చెప్తున్నా.”

జయదేవ్‌కి బుర్ర గిర్రున తిరిగింది. తుపాకీ రష్యాదో, జర్మనీదో, తాతగారిదో అంతుపట్టలేదు. సరోజ మొహం చూస్తే అది రేపటికి ఇంట్లో ఉండదని మాత్రం అర్థమైంది.

సరోజ టిష్యూ తీసుకుని, ఇనుము మీద పేరుకున్న పాత గ్రీజు తుడిచింది. అడుగున చెక్కిన, అది తయారైన చోటూ ఏడూ కూడబలుక్కుని చదివింది.

“లాంగ్ బ్రాంచ్. పంతొమ్మిది వందల యాభై.”

సరోజ తలెత్తి రంగనాథ్ వైపు చూసింది.

“లాంగ్ బ్రాంచ్ మన టొరంటోలోదే కదా అన్నయ్యగారూ? నేను ఆఫీసుకెళ్ళే రైలు రోజూ అక్కడ ఆగుతుంది. పైగా యాభై అంటే, అప్పటికి మీ తాతగారి యుద్ధం అయిపోయి అయిదేళ్ళు.”

రంగనాథ్ టీ కప్పులోకి చూశాడు. “అంటే… ఆ ఇనుము బర్మా నుంచి…”

“టీ చల్లారిపోతోంది, తాగండి.”

జయదేవ్‌కి ఇంకా ఏమీ తేలలేదు. “ఇంతకీ ఉంచుకోవచ్చా, వద్దా?”

“తాళం వేసి ఉంచుకోండి,” అంది సరోజ. “ఇంతవరకూ పోయినవాళ్ళంతా అన్నయ్యగారి నోట పడి పోయినవాళ్ళే.”