‘పోయారు’ అంటే ఎక్కడికని అడిగిన పెద్దక్క

1989 జూన్ 12వ తేదీ సోమవారం ఉదయం, చేతిలో నియామక పత్రంతో, భుజాన సంచిలో నిఘంటువుతో మా పత్రికా కార్యాలయంలో అడుగుపెట్టిన ఇరవై నాలుగేళ్ల యువతి, మూడంతస్తులు ఎక్కిన ఆయాసం తీరకముందే గోడమీది నోటీసులో రెండు అక్షరదోషాలు చూపించారని ఆనాటివారు ఇప్పటికీ చెబుతారు. ప్రూఫ్ రీడరుగా చేరి, ఉపసంపాదకురాలై, వార్తా విభాగానికి ఇన్‌ఛార్జిగా ఎదిగి, ముప్పై ఆరు సంవత్సరాల నిర్విరామ సేవానంతరం ఈరోజు పదవీ విరమణ చేస్తున్న వారిని హోదాతో పిలిచినవారు అరుదు. చిన్నా పెద్దా అందరికీ వారు పెద్దక్కే.

విలేఖరులు హడావిడిగా, నోటికొచ్చిన మాటల్లో పంపిన వార్తలను అచ్చుభాషలోకి మలచడంలో వారిది అందెవేసిన చేయి. వారి ఎర్రసిరా కలం కింద ‘చితకబాదారు’ అన్నది ‘దాడి చేశారు’ అయ్యేది, ‘పోయారు’ అన్నది ‘మృతి చెందారు’ అయ్యేది. ఆ కలానికి జడవని విలేఖరి మా కార్యాలయంలో లేడు.

కాలక్రమంలో వార్తలు కాగితం మీద కాక సెల్‌ఫోన్లలో రావడం మొదలైంది. స్మార్ట్‌ఫోన్ చేతికిచ్చిన రోజున పెద్దక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇందులో మార్జిన్ ఏదీ? తప్పులు ఎక్కడ దిద్దను?” అన్నారు. అయినా కుమార్తె దగ్గర కూర్చుని, వారం తిరిగేసరికి అందులో తెలుగు టైపు చేయడం నేర్చారు. ఊరంతా నీట మునిగిందంటూ ఒక వీడియో వాట్సాప్‌లో చక్కర్లు కొడుతుంటే, అందులోని దుకాణం బోర్డు మీది ఫోను నంబరుకు ఆరే అంకెలున్నాయని గమనించి, అది ఏళ్లనాటి వరద అని తేల్చినది వారే. ఆ రోజున మిగతావారందరూ నాలుక కరుచుకున్నారు.

ఈ వ్యాసం రాస్తున్నామని తెలిసి పెద్దక్క ఒక షరతు పెట్టారు. “మిల్లు సంగతి రాయకపోతే నా గురించి అసలేమీ రాయొద్దు,” అన్నారు. అందుచేత రాయక తప్పడం లేదు.

2016లో ఒక ఉదయం నూలు మిల్లులో మంటలు లేచాయి. అక్కడికి చేరిన మా విలేఖరి ఫోనులో ఇలా పంపాడు: “షెడ్డంతా అంటుకుంది. లోపల పద్నాలుగు మంది. అందరూ పోయారు.” ఆపై సిగ్నల్ పోయింది. అవతలి పత్రికలు అప్పటికే ప్రమాదవార్త పెట్టేశాయి. ఇరవై ఏడేళ్లుగా అలవాటైన చేయి ఆ మాటను దిద్దింది. ‘పద్నాలుగు మంది మృతి’ అన్న వార్త మరుక్షణమే లక్షలాది ఫోన్లకు చేరింది.

ఆరు నిమిషాల తర్వాత విలేఖరి గొంతు వినిపించింది. “అక్కా! నేనన్నది వెనక గేటులోంచి బయటికి పోయారని! చనిపోయారని మీకెవరు చెప్పారక్కా?”

“ఎవరూ చెప్పలేదు నాన్నా. నేనే రాశాను.”

వార్తను గుట్టుగా తీసేద్దామన్నారు ఎవరో. “తీసేయడం కాదు. తప్పు రాశామని అంతే పెద్ద అక్షరాల్లో రాయండి,” అన్నారు పెద్దక్క. ఈలోగా డెస్కు మీది ఫోను మోగింది. “మావారు ఆ మిల్లులోనే చేస్తారండీ. ఫోనెత్తడం లేదు. ఆ పద్నాలుగు మందిలో ఉన్నారా?” అని ఒక ఇల్లాలు అడుగుతోంది.

“లేరమ్మా. ఎవరికీ ఏమీ కాలేదు. తప్పు రాసింది నేనే. ఆయన దొరికేదాకా ఫోను పెట్టను, మీరూ పెట్టకండి.”

కార్మికులు తమ ఫోన్లు షెడ్డులోనే వదిలి పరుగెత్తారు. విలేఖరి ఆ మనిషిని వెతికి పట్టుకునేసరికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. పెద్దక్క రెండు ఫోన్లను ఎదురెదురుగా ఆనించి పట్టుకున్నారు. “నేనేనే, బానే ఉన్నా. ఎందుకేడుస్తున్నావు?” అన్న గొంతు ఒక ఫోనులోంచి ఇంకో ఫోనులోకి వెళ్లింది.

ఆ సాయంత్రమే వారు రాజీనామా రాసిచ్చారు. ఎడిటరుగారు బతిమాలినా వెనక్కి తీసుకోలేదు. మూడో రోజున ఆ దంపతులిద్దరూ కార్యాలయానికి వస్తే, నిలదీయడానికే వచ్చారని మా గుండెల్లో రాయి పడింది. ఆ ఇల్లాలు నిజంగానే నిలదీసింది. “మీ రాత చూసి నేను కూలబడిపోయానండీ. అది మర్చిపోను. కానీ మానేస్తున్నారని మీ విలేఖరి చెప్పాడు. మీరు మానేస్తే, రేపు నాలాంటిది ఫోను చేస్తే ‘తప్పు నాదే’ అని ఎవరు చెబుతారు?” పెద్దక్క లేచి ఎడిటరుగారి గదిలోకి వెళ్లారు. ఆ రాజీనామాను అడిగి వెనక్కి తీసుకున్నారు.

ఆనాటినుంచి మా డెస్కులో ఒక నియమం ఉంది. రాతలో వచ్చిన మరణవార్తను, పంపినవారి గొంతు వినకుండా, “పోయారంటే ఎక్కడికి?” అని అడగకుండా ప్రచురించకూడదు. దానివల్ల ప్రతిసారీ అవతలి పత్రికలకన్నా రెండు నిమిషాలు వెనకబడ్డాం. పైవారు గొణిగితే పెద్దక్క, “వాళ్లను ముందు పెట్టనివ్వండి. మనం ఒక్కసారే పెడదాం,” అనేవారు. ఇంట్లో కూర ఉప్పగా ఉందన్నా తమ శ్రీమతికి ఇద్దరు సాక్షులు కావాలని వారి భర్తగారు ఫిర్యాదు చేస్తుంటారు. దానికి మా సానుభూతి తప్ప మేము ఇవ్వగలిగింది లేదు.

నిన్న బాధ్యతలు అప్పగిస్తుండగా, కొత్త ఇన్‌ఛార్జి మొహమాటంగా, “అక్కా, డెస్కు వాట్సాప్ గ్రూపులోంచి మిమ్మల్ని తీసేయమంటారా?” అని అడిగింది.

“ఉండనీయమ్మా. మీ తప్పులు పట్టడానికి కాదులే. ఏదో ఒక రోజు పెద్ద తప్పే చేస్తారు. ఎవరితో చెప్పుకోవాలో తోచదు. అప్పుడు నాకు చెప్పండి.”

ఆ రోజు రాకుండా ఉండదని మాకు తెలుసు. అందుకే పెద్దక్కగారు సంపూర్ణ ఆయురారోగ్యాలతో, భర్తగారి, కుమార్తె సాన్నిహిత్యంలో, నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని, కేవలం మర్యాదకు కాక, మా స్వార్థం కోసం కూడా మనసారా కోరుకుంటున్నాం.