ఊదాపూలమ్మ

(కొండ కింద ఇంటి గడపలో అవ్వ బయమ్మ, మనవరాలు ఆశ్రిత.)

“...కొండమీద కొత్తగా అమ్మవారు వెలిసిందంట. విన్నావా పాపా?”

“ఊఁ.”

“ఊఁ అంటే? పొద కింద రాయికి పసుపు, కుంకుమ పెట్టి ఉండాదంట. గాలిమరలకు రోడ్డు వేసే జేసీబీ డ్రైవరు అది చూసి, చెప్పులిడిసి దండం పెట్టి, బండి పక్కకు తిప్పుకున్నాడంట.”

“పొద బాగుండాదా?”

“నేను అమ్మవారి మాట చెప్తాంటే నువ్వు పొద అంటావేమే?”

“ఊరికే.”

“మన భరిణెలో కుంకుమ అడుగంటింది. అదీ ఊరికేనా?”

“అవ్వా... నాయనకు చెప్పొద్దు.”

“నువ్వేనా?”

“ఏం చేసేది? ఆ ఊదాపూల పొద ఈ చుట్టుపక్కల కొండల్లో అదొక్కటేనంట. సైన్సు సారు చెప్పినాడు.”

“మరి సారే పోయి ఆపొచ్చు కదా.”

“అర్జీ పెట్టినాడు. దానికి జవాబు వచ్చేలోపల రోడ్డే వచ్చేస్తుంది. డ్రైవరుకు చెప్దామని నేనే పోయినా. ఆయన ‘ఏం పాపా’ అన్నాడు. నోరు పెగల్లేదు. వచ్చేసినా.”

“వచ్చేసి, రాయిని దేవతను చేసినావు.”

“పొద బతికింది కదా.”

“బతికింది. శుక్రవారం పొద్దున్నే ఊర్లో ఆడోళ్లంతా ఆడికి పోతాండారు. మన పక్కింటి రామక్క అమ్మవారికి ‘ఊదాపూలమ్మ’ అని పేరు కూడా పెట్టేసింది. ప్రసాదమని తలా ఇన్ని పూలు కోసుకుంటారంట.”

“అన్నీనా?”

“తలలో పెట్టుకునేకి, పటాలకు పెట్టేకి. ఇంకేం మిగుల్తాయి?”

“అవ్వా, పూలు కాయలైతేనే విత్తనం. విత్తనం రాలితేనే ఇంకో పొద. నువ్వు పోయి చెప్పవ్వా, అది ఉత్త రాయేనని.”

“చెప్తా. మరుసటి దినమే జేసీబీ దాని మీదెక్కుతుంది. సరేనా?”

“మరెట్ల?”

“పూలు కోస్తే అమ్మవారికి కోపమొస్తుందనల్ల. ఆ మాట అమ్మవారే చెప్పల్ల. నీకు పూనకం రావల్ల.”

“నాకా? నేను చేయను పో.”

“ఒక్కసారి అను, చూస్తా.”

“...దయచేసి పూలు కోయకండి.”

“అమ్మవారు దయచేసి అంటాదా?”

“నాకు సిగ్గవ్వా. నువ్వే పోయి పూనకమొచ్చినట్ల అరువు.”

“నేను దినామూ అరుస్తానే ఉంటా, ఎవరు నమ్ముతారు? నీ గొంతు ఊర్లో విన్నోళ్లే లేరు. నువ్వు నోరు తెరిస్తే, అమ్మవారు కాక ఇంకెవరనుకుంటారు?”