నున్నటి పేజీ

సాహిత్యం క్లాసులో మొదటిరోజు పరిచయాలు అయిపోయాయి. అందరూ బయటికి వెళ్లాక, చూపులేని అమ్మాయి బెంచీ దగ్గరికి పక్క వరుస అమ్మాయి వచ్చి కూర్చుంది.

"నేను పుస్తకాల పురుగునని అందరి ముందూ తెగ కోతలు కోశాను. నువ్వేమో, 'నాకంటే ముందు చదివినవాళ్లు నాకు తగులుతారు' అని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నావు. ఎలా తగులుతారే?"

"ఇది లైబ్రరీ నుంచి తెచ్చుకున్న బ్రెయిలీ నవల. కళ్లు మూసుకుని చెయ్యి ఇటివ్వు. ఏమన్నా తెలుస్తోందా?"

"గరుగ్గా ఉంది. ఇసక చల్లినట్టు అన్నీ చుక్కలే."

"ఇప్పుడు ఈ పేజీ?"

"ఇక్కడేం లేదే! అంతా నున్నగా ఉంది. అచ్చు సరిగ్గా పడలేదేమో."

"బాగానే పడింది. తప్పిపోయిన కూతురు తిరిగొచ్చి తలుపు కొడితే, తల్లి తీసే చోటు అది."

"అంటే... చదివి చదివి అరిగిపోయిందా?"

"ఊఁ."

"అమ్మ బాబోయ్! ఎంతమంది వేళ్లో! మరి నువ్వెలా చదివావు?"

"నా చేతికొచ్చేటప్పటికి ఇంకా కాస్త తగిలేది. ఆ మిగిలిందీ నేనే అరగదీశాను. పద, బెల్లు కొట్టారు. చెయ్యి తియ్యి."

"ఒక్క నిమిషం ఉండనీవే."