వినోద్‌కు అప్పజెప్పిన పిల్లవాడు

మరమగ్గాల పేట ఉధ్నాలో తెలుగు బడి. పిల్లలందరూ వెళ్లిపోయాక, ఎనిమిదో తరగతి గదిలో భుజంగరావు మాస్టారూ, వినోద్ తల్లి నర్సవ్వా.

“…సోమారం పొద్దుగాల్ల పానం పోయింది సార్ లస్మయ్యకు, దవఖాన్ల. గప్పటిసంది మా పోరన్ని పోలీసోల్లు నాకు సూపిస్తలేరు.”

“తెలుసమ్మా. ముందు కూర్చోండి.”

“కూసునేటందుకు రాలే. రేపు పిల్లల కోర్టుల పెడ్తరట. బడి సారుతోని ఒక కాగిదం రాపిచ్చుకరమ్మన్నడు వకీలు.”

“రాసి ఉంచాను. ఇదిగో.”

“రాసిన్రా! సల్లగుండాలె సార్ మీరు. జర సదివి ఇనిపియ్యిర్రి. నాకు సదువు రాదు.”

“‘వినోద్ ఎనిమిదో తరగతి విద్యార్థి. హాజరు బాగుంది. లెక్కల్లో చురుకైనవాడు. పెద్దల పట్ల మర్యాదగా ఉంటాడు.’ కింద నా సంతకం.”

“గంతేనా?”

“అంతే.”

“వానికి కోపం లేదని రాయిర్రి సార్.”

“అది రాయలేను. ఆరో తరగతిలో ఒకడి పన్ను విరగ్గొట్టాడు. అప్పుడు మీరే వచ్చి…”

“నేనే అచ్చి మీ కాళ్లు పట్టుకున్న, యాదికున్నది. బడిలకెల్లి పేరు కొట్టేస్తరనుకున్న. మీరు కొట్టలే, తిట్టలే. మూడో తరగతి బుడ్డోన్ని, గా లస్మయ్య కొడుకు వెంకీని, తెచ్చి మావోని చేతుల పెట్టిన్రు.”

“నూలు పున్నమి రోజు, రాఖీల నాడు.”

“ఔ. వెంకీ చేతికి మావోనితోని దారం కట్టిపిచ్చిన్రు. ఇంటికచ్చి ఒక్కతీరుగ అదే ముచ్చట. ‘అమ్మా, వాన్ని నాకు అప్పజెప్పిండు సారు. వాని మీద ఎవ్వని చెయ్యి వడ్డా నన్నే అడుగుతడట.’ నేను నవ్విన. ‘ఓరి, ముందుగాల నీ ముక్కు నువ్వు తుడుసుకో’ అన్న.”

“ప్రతి ఏడూ అలా జతలు కడతాను. పెద్దవాడికి ఒక చిన్నవాడు. కోపం ఉన్న పిల్లలకు అది మంచిదని నా నమ్మకం.”

“మంచిగనే అయింది గద సార్! రెండేండ్లు ఎవ్వన్ని ఒక్క దెబ్బ కొట్టలే. వెంకీని బడికి తోలుకపోవుడు, ఎక్కాలు సెప్పుడు. నేను రొట్టె పెడితే వానికి సగం. మరి మొన్న ఐతారం ఏమైంది? ఆళ్లుండే ఖోలీకే పోయి, గా పోరని తండ్రినే, బట్ట నేసే సాంచల కట్టెతోని నెత్తి మీద… ఎందుకు కొట్టిండు సార్?”

“పోలీసులు ఏమంటున్నారు?”

“పాత పగ అంటున్నరు. పద్నాలుగేండ్ల పోరనికి పాత పగేంది? మీకేమన్న ఎరుకనా?”

“లస్మయ్య కొడుకును బెల్టుతో కొట్టేవాడు.”

“గది వాడకట్టంత ఎరుకే. ఏ తండ్రి కొట్టడు? మా ఆయన కొట్టలేదా? గని మీకెవ్వరు చెప్పిన్రు?”

“మంచినీళ్లు తాగుతారా అమ్మా?”

“నీళ్లద్దు. ఎవ్వరు చెప్పిన్రు?”

“వినోద్.”

“మా వినోదా? ఎప్పుడు?”

“ఆ కాగితం ఒకసారి ఇటివ్వండి.”

“అయ్యో! అయ్యో, ఎందుకు చింపుతున్నరు? రేపే గద కోర్టు! నేను తప్పు మాట్లాడితే చెప్పు తీసి కొట్టుర్రి సార్, కాగిదం చింపకుర్రి!”

“మీ తప్పేమీ లేదు. అందులో రాసినవన్నీ నిజాలే. అసలు సంగతే లేదు. రేపు నేనే వచ్చి చెబుతాను.”

“ఏం చెప్తరు?”

“పోయిన గురువారం బడి వదిలాక, వినోద్ వెంకీని తీసుకొచ్చి మీరు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. వాడి చొక్కా లేపి వీపు చూపించాడు. ‘సార్, ఒక్కసారి ఆళ్ల ఖోలీకి రండ్రి, మీ మాటైతే ఇంటడు’ అన్నాడు.”

“పోయిన్రా?”

“పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. తలెత్తలేదు. ‘వాణ్ని నీకు అప్పజెప్పాను కదరా, నువ్వే చూసుకో’ అన్నాను.”

“…చూసుకొమ్మన్నరు.”

“శుక్రవారం మళ్లీ వచ్చాడు. బతిమాలాడు. సరే, ఆదివారం పొద్దున వస్తాను, నువ్వు అక్కడ ఉండు అన్నాను.”

“ఐతారం తెల్లారంగనే తానం చేసి, ఇస్త్రీ అంగీ ఏసుకున్నడు సార్. యాడికిరా అంటే, ‘సారు అస్తుండు’ అన్నడు. సగం రొట్టె ఇడిసిపెట్టి ఉరికిండు. ఏ సారో నేను అడగలే.”

“నేనే.”

“పోలీసోల్లకు గీ ముచ్చట చెప్పలే వాడు. మీ పేరే ఎత్తలే.”

“ఎత్తడమ్మా.”

“ఆడ వెంకీ తల్లి జమున ఒక్కతే ఉన్నది, మొగడు పాయె. వెంకీ మూడొద్దులాయె బువ్వ ముడ్తలేడట. మీరన్న పోయి పలకరిచ్చిన్రా సార్?”

“లేదమ్మా. ఆ ఇంటికి నేను ఆదివారమూ వెళ్లలేదు, ఇంకా వెళ్లలేదు.”