వెనక సీటు

సాయంత్రం టాక్సీ డ్రైవరు తన భార్య పనిచేసే బట్టల షాపు ముందు బండి ఆపాడు. ఆమె వెనక తలుపు తీసుకుని ఎక్కింది.

"అదేంటి, ముందుకి రా."

"ఇక్కడే బాగుంది. మీ మోకాలు ఎలా ఉంది?"

"మోకాలికేం, బానే ఉంది."

"మెట్లెక్కలేకపోతున్నారటగా. మీ బండిలో గొడుగు మర్చిపోయినావిడ, నిన్న మీరు స్నానంలో ఉండగా ఫోన్ చేసింది. గొడుగు కన్నా ముందు మోకాలి సంగతే అడిగింది. మీవారికి ఆపరేషనంటే భయమటగా అంది. అన్నీ తెలిసినదానిలా ఊఁ కొట్టాను."

"ట్రాఫిక్‌లో ఊసుపోక ఏదో అంటాం. దానికింత రాద్ధాంతమా?"

"ఆ ఊసుపోని మాటైనా నాకు లేదుగా. అన్నం పెట్టు, లైటు ఆర్పు. ఇంట్లో ఇంతే. బండెక్కినవాళ్ళకి మాత్రం నోరారా కబుర్లు."

"వాళ్ళు దిగిపోతే మళ్ళీ కనపడరు. నీకు చెబితే దిగులుపడతావు."

"ఆవిడ పడింది కదండీ దిగులు. అది నేను పడాల్సింది."

అతను బండి స్టార్ట్ చేయలేదు. ముందున్న అద్దాన్ని ఆమె ముఖం కనపడేలా తిప్పుకున్నాడు.

"ఎక్కడికి వెళ్ళాలండీ?"

"ఇంటికే. చుట్టుదారిన పోనివ్వండి."