ఇస్తుంది, ఇస్తుందట

ఆ ఫోను పక్కన పెట్టి ఇలా కూర్చోరా శ్రీనూ. ఇప్పుడు ఆ పెద్దాయనకి నువ్వు చెప్పింది అబద్ధం. నవ్వకు. "లీటరుకి ఇరవై నాలుగు ఇస్తుందండి, ఇంకేం ఆలోచించకండి" అన్నావా లేదా? ఆ కారుని మన కాలవ గట్టు మీద ఒక్కసారైనా నడిపి చూశావా?

"కంపెనీయే చెప్పింది నాయనమ్మా. షోరూములో అందరం అదే చెబుతాం. ఇందులో నా అబద్ధం ఏముంది?"

ఒక్క అక్షరం ఉంది. కంపెనీ చెప్పింది కాబట్టి "ఇస్తుందట" అనాలి. నువ్వు చివర ఆ ట తీసేశావు. దాంతో కంపెనీ మాట నీ మాట అయిపోయింది. నేను చదివింది అయిదో తరగతే. ఈ తేడా నాకు బళ్ళో చెప్పలేదు, మా నాన్న చెప్పాడు.

మా నాన్న అప్పటికి పాల వ్యాపారం... కాదు, పాలు తర్వాత. అప్పుడింకా కౌలుకి చేస్తున్నాడు. మేం వీధిలోంచి పరిగెత్తుకొచ్చి "నాన్నా, కాలవకి నీళ్ళు వదిలారు" అంటే, "చూశావా, విన్నావా?" అని అడిగేవాడు. విన్నామంటే, "అయితే వదిలారట అను" అనేవాడు. అలా అనేదాకా కంచం ముందు కూర్చోనిచ్చేవాడు కాదు. నేనూ, మా తమ్ముడు సూరిబాబూ ఆ ఇంట్లోనే పెరిగాం. నా బాధ అదేరా. తెలియనివాడు చేస్తే ఇంత ఏడవను.

సూరిబాబు కూడా నీలాగే రాజమండ్రిలో కార్ల షోరూములో చేసేవాడు. నీలాగే ఇస్త్రీ చొక్కా, నీలాగే నవ్వు. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు, నీకివేవీ తెలీవు.

మీ తాతయ్య రైసు మిల్లులో కాటా దగ్గర పనిచేసేవారు కదా. ఆయన తూచిన బస్తాని రైతు మళ్ళీ చూసుకునేవాడు కాదు. మిల్లు మానేశాక, నా మోకాళ్ళు బస్సు ఎక్కనివ్వట్లేదని కారు కొందామన్నారు. బావమరిది ఉండగా బయటివాళ్ళని అడగడమెందుకని సూరిబాబునే పిలిచారు. "ఇరవై నాలుగు ఇస్తుంది బావా, నాదీ పూచీ" అన్నాడు వాడు. "ఇవ్వకపోతే?" అన్నారు ఈయన. "ఇవ్వకపోతే మీ అమ్మాయిని నేనే మోసుకెళ్తాను కాకినాడ" అని నన్ను చూపించి నవ్వించాడు. అక్కని పట్టుకుని మీ అమ్మాయి అన్నాడు వెధవ. అలా నవ్వించేవాడు.

ద్రాక్షారామం తీసుకెళ్ళి పూజ చేయించాం. నిమ్మకాయలు తొక్కించాం. వీధిలోవాళ్ళు వచ్చి ఎంతిస్తుందండీ అని అడిగితే, ఈయన "ఇరవై నాలుగు ఇస్తుందండి" అని చెప్పారు. ఆ మాట మీద ఇంకో ఇద్దరు అదే కారు కొన్నారు. అందులో ఒకడు మన వెనకవీధి సత్తిబాబు. కిరాయికి తిప్పుకుందామని కొన్నాడు. ఇరవై నాలుగు వస్తుందనే లెక్కతో కడియం నర్సరీవాళ్ళకి ఏడాదంతా ఇంతకే తిప్పుతానని మాటిచ్చేశాడు.

ఎక్కడొస్తుందిరా. గట్టు మీద ఊరికో స్పీడు బ్రేకరు. గేదెలు, గడ్డి బళ్ళు. లోపల అయిదుగురు, వెనక అరటి గెలలు, ఎండకి ఏసీ. పదహారు వస్తే గొప్ప. సత్తిబాబు ఏడాది తిరక్కుండానే కారు అమ్మేసుకుని, ఒకరోజు పొద్దున్న మన అరుగు మీదకి వచ్చి కూర్చున్నాడు. అరవలేదు. "మీరు ఇస్తుందన్నారు కదండీ" అన్నాడు. అంతే. కాఫీ ఇస్తే తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం సూరిబాబు వచ్చాడు. ఈయన అడిగారు. వాడేమో తేలిగ్గా, "అది గదిలో రోలర్ల మీద చక్రాలు తిప్పి కట్టిన లెక్క బావా. అక్కడ ఎదురుగాలి ఉండదు, గేదె అడ్డం రాదు. ఆ సంగతి అందరికీ తెలిసిందే కదా" అన్నాడు.

"నాకు తెలీదురా" అన్నారు మీ తాతయ్య.

ఆ రోజునించి ఆయన మనిషి మారిపోయారు. ఎవరేం అడిగినా చివర ట తగిలించేవారు. బస్సు కళ్ళముందు ఆగినా "బస్సు వచ్చిందట" అనేవారు. కూర ఎలా ఉందండీ అంటే "బాగుందట" అనేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. టీ బడ్డీ దగ్గర కుర్రాళ్ళు "ఏవండీ, వాన పడుతుందా, పడుతుందటా?" అని ఏడిపించేవారు. ఆయన తల వంచుకుని వచ్చేసేవారు. జీవితమంతా సరిగ్గా తూచిన మనిషిరా, తన మాట తూకం పోయిందని అనుకున్నారు.

తాతయ్య పోయారని నీకు తెలుసు. ఎలా పోయారో ఎవరూ చెప్పి ఉండరు.

రెండు రోజులుగా దవడా, ఎడమ భుజమూ లాగుతున్నాయంటున్నారు. గ్యాసు అనుకున్నాం. సూరిబాబు పనిమీద ఇటొచ్చి ఆయన్ని చూశాడు. నుదుటి నిండా చెమట. వాడు వెంటనే బయటికెళ్ళి కాకినాడలో తనకి తెలిసిన డాక్టరుగారికి ఫోను చేసి, లోపలికొచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "బావా, ఇది గ్యాసు కాదు, గుండె. ఇప్పుడే తీసుకురమ్మన్నారు. నేను కారు తీస్తాను, లే" అన్నాడు. కారు తాళాలు అప్పటికే చేతిలో పట్టుకుని ఉన్నాడు.

ఈయన వాడివంక చూశారు. కోపమేం లేదు. చిన్నగా నవ్వి, "గుండె నొప్పట" అన్నారు. అని అటు తిరిగి పడుకున్నారు.

నేను బతిమాలాను. వాడు చేతులు పట్టుకుని లాగాడు. సాయంత్రం చూద్దాంలే అన్నారు. సాయంత్రం దాకా ఉండలేదురా.

వాడు చెప్పిన నిజం అది. చెప్పవలసిన చోట, చెప్పవలసిన వేళకే చెప్పాడు. వినవలసినాయన వినలేదు.

నువ్వు ఆ పెద్దాయనకి మళ్ళీ ఫోను చెయ్యి. కంపెనీ లెక్క ఇదట, మన రోడ్లమీద ఇంత రాదండి అని చెప్పు. కొనకపోతే పోనీ. నీ నోరు చల్లగా ఉండాలి, నీ మాట నిలబడాలి, నాకంతే చాలు.

సూరిబాబా? షోరూము మానేశాడుగా. నెలకోసారి వస్తాడు, లోపలికి రాడు, ఆ అరుగు చివర కూర్చుంటాడు. అన్నం తిన్నావా అంటే "తిన్నానక్కా" అంటాడు. అని నా మొహంలోకి చూస్తాడు. "నమ్మావా అక్కా?" అని అడుగుతాడు. నమ్మానురా అంటాను. నిజంగానే నమ్ముతాను.

వాడే నమ్మడు.