మేస్త్రికి అందని చరణం

దాన్ని చింపకు తల్లీ. పుస్తకం పారేస్తే పారెయ్, ఆఖర్న అంటించిన ఆ కాగితం మాత్రం ఇలా ఇవ్వు. ఆ, రాత నాదే. ఇప్పుడంటే చెయ్యి వణుకుతోంది గానీ అప్పట్లో అచ్చు గుద్దినట్టుండేది. ఎవరికోసం రాశానా? రంగుల మేస్త్రి అని ఒకాయన ఉండేవాడులే, ఇళ్ళకి రంగులు వేసేవాడు. పోయి ఇరవై ఏళ్ళు దాటింది. మీ నాన్న పెళ్ళికి ముందా, తర్వాతా... ఏదో ఒకటి. కూర్చో, ఆ దుమ్ము తర్వాత దులుపుదువుగాని.

అప్పుడు నేను కళ్ళజోళ్ళ కొట్టు పైగదిలో పియానో చెప్పేవాణ్ణి కదా. కొత్తవాళ్ళ కోసం నేనే ఈ పుస్తకం రాశాను. జనం నోట్లో నానే సినిమా పాటలు ఇరవై, తేలిక చేసి. పాటకి ఒకటే పేజీ. అయిదు వేళ్ళూ అయిదు పియానో మెట్ల మీద పెట్టి, చెయ్యి జరపకుండా వాయించెయ్యాలి. అందుకని పల్లవులే ఇచ్చాను, చరణాలు రెండో పుస్తకంలో. మీ నాన్నమ్మ అనేది, "పాటల పీకలు కోసి అమ్ముకుంటున్నారు" అని. నవ్వకు, ఆవిడ మాట అంతే. సరే, ఒకరోజు ఈయన వచ్చాడు. అరవై దగ్గర పడ్డ మనిషి, గోళ్ళ సందుల్లో నీలం రంగు, మూతి ఒక పక్కకి లాగేసి ఉంది. పుస్తకం తిరగేసి పన్నెండో పేజీ మీద వేలు పెట్టి "ఇది వస్తే చాలు సార్" అన్నాడు. ఎందుకయ్యా అంటే, కుర్రతనంలో ఒకరింటి ఎదురుగోడకి రంగు వేస్తూ, నిచ్చెన మీద ఆ పాట మొత్తం ఈల వేసేవాడట. కిటికీలో ఆ ఇంటి అమ్మాయి. మూడు రోజుల పని మూడు వారాలు సాగింది. ఆ గోడ తాలూకు పెద్దమనిషి, "రంగేస్తున్నావా, కొత్త గోడ కడుతున్నావా" అని తిట్టిపోశాడట. ఆ అమ్మాయే ఈయన భార్య. ఇప్పుడావిడకి మతిమరుపు. ముందు పొయ్యి మీద పాలు మర్చిపోయింది, తర్వాత ఇంటికొచ్చే దారి, తర్వాత కన్నపిల్లల పేర్లు. మొగుణ్ణి మాత్రం ఈల వేస్తే గుర్తుపట్టేది. అంతలో ఈయనకి పక్షవాతం తగిలి మూతి వంకరపోయింది. ఊదితే గాలే తప్ప ఈల లేదు. టేపులో పెట్టి చూశాడట, "ఎవరో పాడుతున్నారు" అనేసి అటు తిరిగిందట. "ఈల పోయింది సార్, వేళ్ళున్నాయి" అన్నాడు నాతో.

ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసిన పాత పియానో ఇంటికి తెచ్చుకున్నాడు. దాని మెట్ల మీద సన్న కుంచెతో ఒకటి, రెండు అని అంకెలు కూడా వేసుకున్నాడు, ఎంత ముద్దుగా వేశాడనుకున్నావ్. మొదటి పేజీ నుంచి వరసగా వస్తే నాలుగు నెలలకి ఆ పల్లవి వచ్చింది. ఇంట్లో వాయిస్తే ఆవిడ గబగబా వచ్చి పక్కన కూర్చుందట. పల్లవి అయిపోగానే చరణం అందుకోవడానికి నోరు తెరిచిందట. ఈయన దగ్గరేముంది? మళ్ళీ మొదటికొచ్చాడు. మళ్ళీ నోరు తెరిచింది, మళ్ళీ మొదటికి. వారం అలా చూసి, "మా ఆయనకి మొత్తం వచ్చు. నీకు రాదు. నువ్వెవరు?" అందట. మర్నాడు నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకున్నాడు, "చరణం ఒక్కటి చెప్పండి సార్, తర్వాత మీరేం చెప్తే అది." నేనేమన్నానో తెలుసా? చరణం పైకి పోతుంది, బొటనవేలు మిగతా వేళ్ళ కిందనుంచి దూర్చి చెయ్యి జరపాలి, అది రెండో పుస్తకం, ముందు మిగిలిన ఎనిమిది పాటలూ వరసగా రానీ అన్నాను. నిచ్చెన ఎగిరి ఎక్కరు మేస్త్రీ అన్నాను. "నిచ్చెన సంగతి నాకా సార్" అని సగం మూతితో నవ్వాడు. నేను నవ్వలేదు. పద్ధతి అనుకున్నాను. పద్ధతీ లేదు, పాడూ లేదు, ఒట్టి పొగరు. మూడు నెలలు అలా తిప్పాను.

తర్వాత రెండు వారాలు రాలేదు. మనసు పీకింది. కూర్చుని చరణం రాశాను, ఇదిగో ఈ కాగితమే, మడిచి జేబులో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు ఆవిడే తీసింది. "ఎవరో ముసలాయన బాబూ, పొద్దస్తమానం ఒకటే ముక్క వాయిస్తాడు. పంపించెయ్యండి, మా ఆయన పనినుంచి వచ్చే వేళయింది" అంది. ఆయన ఆవిడ వెనకే నిలబడి ఉన్నాడు. కాగితం చేతిలో పెట్టి వచ్చెయ్యాల్సింది, అవునా? పంతులు బుద్ధి ఊరుకుంటుందా. "ఇలా మేస్త్రీ, చూడు" అని పియానో ముందు కూర్చున్నాను. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి, మొత్తం వాయించాను. ఆఖరి మెట్టు మీదనుంచి వేలు తియ్యకముందే భుజం మీద చెయ్యి పడింది. "ఇంత ఆలస్యమా" అంది. "నిచ్చెన ఎక్కడ పెట్టొచ్చావ్?" అంది. నేను గభాలున లేవబోయాను. మేస్త్రి వద్దని చెయ్యి ఊపాడు. "లేవకండి సార్. ఎన్నాళ్ళకో నవ్వింది" అన్నాడు.

అలా రెండేళ్ళు, ప్రతి గురువారం. నేను వాయిస్తుంటే ఆవిడ నా పక్కన, ఆయన వంటింటి గుమ్మంలో. "ఆయనకి మంచినీళ్ళివ్వు" అని మొగుడికే పురమాయించేది. తెచ్చిచ్చేవాడు. కాగితం ఆ పియానో మీదే పెట్టి, నేర్చుకో మేస్త్రీ అని ఎన్నిసార్లు బతిమాలానో. "ఇప్పుడెవరికి వాయించను సార్. ఆవిడ మొగుడు వచ్చేశాడుగా" అనేవాడు. కోపంగా కాదు తల్లీ, మామూలుగా. కోప్పడినా బాగుండేది. ఆవిడ పోయేటప్పుడు పట్టుకున్నది నా చెయ్యే. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి కాళ్ళ దగ్గర కూర్చుని, దుప్పటి సర్దుతూ... పదోరోజున పుస్తకం తెచ్చి తిరిగిచ్చాడు. కాగితం ఆయనే అంటించాడు, చూడు, అంచులు ఎంత తిన్నగా ఉన్నాయో. రంగుల పనివాడు కదా. ఆ ఏడాదే తనూ పోయాడు. ఒక్క మూడు నెలలు ముందు ఇచ్చి ఉంటే...

ఊఁ? వాయిస్తావా? వద్దమ్మా, పియానో మూత వేసెయ్. ఆ కిటికీ రెక్క చూడు, ఇందాకట్నుంచీ కొట్టుకుంటోంది. గడియ పెట్టు.